వదినె దాచిన పొగ

ఇటు రా వరుణ్, గా డబ్బా ఏంది చేతుల? ఇంజనాయిలా? నీ పాత మారుతికి పోస్తవా? సింథటికా! వామ్మో. ఆగు, ఆగు. ముందుగాల గీ కుర్చీల కూసో. వద్దంటలేనుర, పొయ్యి. నీ బండి నీ ఇష్టం. గని గా పేరు ఇంటే నాకు మీ అమ్మమ్మ మతికొస్తది. నవ్వకు. గీ ఆయిలు ముచ్చటల ఆమె కత మొత్తం ఉన్నది. మీ అమ్మ నీకు చెప్పి ఉండది. చెప్తే మీ నాయిన పేరు గూడ ఒస్తదిగద, అందుకే చెప్పదు. నువ్వప్పటికి నడక గూడ నేర్వలే.

మీ అమ్మమ్మ, మనోరమ వదినె, మా జగపతన్న పెండ్లాం. అన్నది మిర్చి యాపారం. మానుకోట దిక్కు ఊర్లన్ని తిరిగి మిర్చి కొంటుండె. గందుకే అంబాసిడర్ తీసుకున్నడు. తెల్లది గాదు, మీగడ రంగుది. దాంట్ల ఎవ్వలు కూసున్నా తుమ్ముడే తుమ్ముడు, డిక్కీల గంత మిర్చి ఘాటు. మా అన్నకు గా బండంటే పాణం. మనుషుల మీద కోపమొస్తె పోయి బండి తుడుస్తుండె. షాపుల కూసోని ఒచ్చినోనికల్ల చెప్పేటోడు, "నా ఇంజను మీద ఇయ్యాలటిదాంక రెంచి పడలే. ఏనాడన్న ఇంజను ఇప్పాల్సొస్తె ఆనాడే అమ్మేస్త. పరాయి చేతులు పడ్డ ఇంజను నాకొద్దు" అని. రహీం ఉంటుండె జనగామ బస్టాండు ఎనుక షెడ్డుల, మెకానిక్కు. ఆయన ఎదురుంగనే అంటుండె గా మాట. రహీం బీడీ కాల్చుకుంట నవ్వేటోడు, "అచ్ఛా సేట్, చూద్దాం" అని. ఇద్దరు గట్లనే పోట్లాడుకునేటోళ్లు, గట్లనే చాయి తాగేటోళ్లు.

ఇగ అన్నకు షుగరు. తినేటోడు గదా, ఎవ్వలు చెప్పినా ఇనకపోయేది. ముందు కుడి కన్ను పోయింది, తర్వాత ఎడమది. హైదరాబాదు తీస్కపోయినం, దవాఖానలు తిరిగినం. ఆఖరికి ఒక డాక్టరు నన్ను పక్కకు పిలిచి, "ఇగ తిప్పకుండ్రి, పైసల కోసం అంటలేను, మనిషి అలిసిపోతాండు" అన్నడు. ఇంటికొచ్చినం. గోడకు ఒరిగి కూసున్నడు మా అన్న. గంతే. షాపు నా మీద ఏసిండు. ఎవలన్న చూడొస్తె "లేడని చెప్పు" అంటుండె, గది గూడ ఒచ్చినోళ్లకు ఇనవడేటట్టే. తిండి ముట్టకపోయేది. వదినె ముద్దలు చేసి పెడ్తె గోడ దిక్కు తిరిగేటోడు. గా గోడ మీద ఆయిన తలకాయ నూనె మరక ఇంత పెద్దగ పడ్డది. వదినె దాన్ని చూసి చూసి, ఒకనాడు తాళాలు తీసుకోని సక్కగ రహీం షెడ్డుకు పోయింది.

"రహీం భాయ్, నాకు బండి నేర్పు."

"భాభీ, సేట్‌కు తెలిస్తె నన్ను కోస్తడు."

"తెల్వనియ్యకు. నేర్సినంక నేనే చెప్త."

మార్కెట్ యార్డు కాలీగ ఉన్న దినం చూసి నేర్పిండు. మా ఇంట్ల అన్నకు తప్ప వేరే మొగోళ్లకే కారు తోలుడు రాదు, నాకు ఇప్పటికీ రాదు. ఆమె నలభై దాటినంక, చీర కొంగు నడుముకు చెక్కి, పత్తి బస్తాలను గుద్దుకుంట నేర్సింది. ఊరంత ఏమన్నరో నీకు చెప్పొద్దు. కోమటోళ్ల కోడలు, గిదేం పోయే కాలం అన్నరు. ఆమె ఇన్నదా? ఒకనాడు పొద్దుగూకెటాల్లకు అన్న చెయ్యి వట్టుకోని తెచ్చి ముందు సీట్ల కూసోవెట్టింది. అన్న రహీం తోలుతాండనే అనుకున్నడు. పెంబర్తి దాటినంక "రహీం, జర నిమ్మళంగ" అన్నడట. పక్క సీట్లకెల్లి వదినె, "నిమ్మళంగనే పోతాన" అన్నది. అన్న డ్యాష్‌బోర్డు మీద చెయ్యేసి ఇంజను అదురు చూసిండు. కొంచెం దూరం పోయినంక అన్నడు, "ఏమే, క్లచ్చి మీదికెల్లి కాలు తియ్యి. ప్లేట్లు కాలుతయి." ఇంటికొచ్చి ఆ దినం కడుపు నిండ బువ్వ తిన్నడు. వదినె నాతోని చెప్పుకుంట ఏడ్సింది, నవ్వింది, రెండు ఒక్కతీర్గనే.

గప్పటి సంది రోజు సాయంత్రం పోవుడే. తరిగొప్పుల దిక్కు ఒకనాడు, స్టేషన్ ఘన్‌పూర్ దిక్కు ఒకనాడు. అన్న సీట్ల నిక్కి కూసోని ఇంజను చప్పుడు ఇనుకుంట ఉండేటోడు. కునుకు తీసేటోడు గాదు. ఇంట్ల గూడ నిద్ర లేకుండె ఆయినకు, చీకటీ పగలూ ఒక్కటే అయినంక నిద్ర ఎటో పోయింది. చెవి ఒక్కటే పని చేస్తుండె. "ట్యాపెట్ చప్పుడు సల్లగున్నది" అంటుండె. "గేర్ మార్చు, ఏడుస్తాంది" అంటుండె.

గిట్ల నడుస్తాంటే బండి నీలం పొగ ఇడుసుడు మొదలైంది. ముసలి ఇంజనాయె. రహీం చూసి తలకాయ ఊపిండు. "పిస్టన్ రింగులు అరిగినయి భాభీ. ఆయిల్ తాగుతాంది, కాల్చుతాంది. ఇంజను దించాలె." దించాలె! గా మాటే వదినెకు వద్దు. దించితే అన్నకు తెలుస్తది, తెలిస్తె అమ్మమంటడు, అమ్మితే మల్ల గోడకు ఒరుగుతడు. "వేరే తొవ్వ చెప్పు రహీం భాయ్" అని బతిమిలాడింది. గప్పుడు రహీం ఒక సీస చూపించిండు. పొగ తక్కువ చేస్తది, చప్పుడు సల్లగ చేస్తదని అమ్ముతుంటరు గద, ఆయిల్లో కలిపే మందు. చిక్కగ, బెల్లం పాకం లెక్క ఉంటది. "గిది మందు గాదు భాభీ, జొరం మీద దుప్పటి కప్పినట్టు. కొన్నాళ్లు నడుస్తది" అన్నడు. వదినెకు గా కొన్నాళ్లే కావాలె.

ఇగ ఆ సీసలు తెచ్చుడు, ఊరగాయ జాడీల ఎనుక దాసుడు. ఒకపారి నాకు దగ్గొస్తాంటె మా ఇంటామె గది తేనె అనుకోని చెంచల పోసింది. నోటిదాంక తెచ్చింది! వదినె ఉరికొచ్చి చెంచ గుంజుకున్నది. గట్ల నాక్కూడ తెలిసింది. ఊరంతటికి తెలిసింది, ఒక్క అన్నకు తప్ప. పొగ ఆయినకు కనవడదాయె. వాసనొస్తె వదినె, "ముంగట లారీ పోతాంది" అనేది. రోజు ముంగట లారీనే! అన్న ఒకనాడు, "గీ ఘన్‌పూర్ తొవ్వల లారీలు బాగ ఎక్కువైనయి" అన్నడు. ఎనుక సీట్ల నేను నవ్వాపుకోలేక సచ్చిన. హన్మకొండల ఒక పోలీసాయన ఆపిండు పొగ చూసి. వదినె కిందికి దిగి, ఆయనకు దండం పెట్టి, అన్న దిక్కు చూపెట్టి, చెవుల ఏదో చెప్పింది. గా పోలీసాయన అన్న కాడికొచ్చి, "బండి మంచిగ మెయింటేను చేసిండ్రు సార్" అని సల్యూటు కొట్టిండు. అన్నకు కనవడదు గని కొట్టిండు. మా అన్న ఛాతి ఇంత ఉబ్బింది.

ఇగ మీ నాయిన కాడికొస్త. మీ నాయిన జగదీష్ అప్పటికి భూపాలపల్లిల బొగ్గుబాయి మిషన్ల మీద పని చేస్తాండు. మంచోడు. మామ అంటే పాణం ఇస్తడు. మేం ముగ్గురం నిన్ను చూడొచ్చినం, కంపెనీ కోటర్లల కొన్ని దినాలు ఉన్నం. మీ నాయిన బండి మూత తెరిచి చూసిండు. ఆయిలు తారు లెక్కున్నది. అత్తమ్మకు చెప్పకుండ, మామను సంతోషపెడుదామని, ఆ చిక్కటిదంత దించేసి గిదే, నీ చేతుల ఉన్నసొంటి సింథటిక్ పోసిండు. ఖరీదుది. రెండు దినాలు భూపాలపల్లిల తిరిగినం, ఇంజను పట్టు లెక్క నడిచింది. అన్న మురిసిండు. వదినెకు సంగతేందో సమజ్ కాలే.

తిరుగు ప్రయాణంల రేగొండ దాటినంక మొదలైంది. టక్ టక్ టక్ అని ఇంజన్ల చప్పుడు. ముంగట డ్యాష్‌బోర్డు మీద ఆయిలు ఎర్ర లైటు ఎలిగింది. అన్న ఒక్కసారి నిటారుగ అయిండు. "ఆపు" అన్నడు. వదినె ఆపలే. "ఏం లేదు, ముంగట ట్రాక్టరు చప్పుడు" అన్నది. "మనోరమా, ఆపు." పేరు పెట్టి పిలిచిండు. గట్ల పిలువంగ నేనెన్నడు ఇనలే. మక్కచేను పక్కపొంటి ఆపింది. అన్న దిగి, బండిని తడుముకుంట ముంగటికి పోయి, వొంగి కింద చెయ్యి పెట్టిండు. ఆయిలు ధార కారుతాంది. వేలు ముక్కుకాడ పెట్టుకున్నడు.

"గిది ఎన్నాళ్ల సంది?"

వదినె కొంగు నోట్లె కుక్కుకున్నది. నేను మాట్లాడబోతే చెయ్యితోని ఆగమన్నది. ఇగ చెప్పింది. పొగ, సీసలు, లారీలు, పోలీసాయన, అంత. అన్న ఇన్నడు.

"కండ్లు పోతే పోయినయి. నన్ను చిన్న పోరన్ని చేసినవ్ గదనే. ఊరంత చూస్తాంటె నేనొక్కన్నే నా బండి మంచిగున్నదని చెప్పుకుంట తిరిగిన" అన్నడు. గొంతు పెద్దగ జెయ్యలే. గది ఇంక కష్టం.

వదినెకు కోపమొచ్చింది. చేస్తే చేసిన అన్నది. "మీరు గా గోడకు ఒరిగి కూసుంటె చూసుడు నాతోని కాలే. బండి పోతే మీరు మల్ల గాడికే పోతరు. అందుకే దాసిన. మల్లైనా దాస్త. ఏం చేస్తరో చేసుకోండ్రి."

బస్సొకటి పోయింది. మక్కచేన్ల నీళ్ల మోటరు చప్పుడైతాంది. గంత సేపటికి అన్న అడిగిండు:

"పొగ ఏం రంగు?"

"నీలం."

"ఎంత?"

"ఎనుక బస్సొస్తె కనవడదు."

అన్నకు నవ్వొచ్చింది. ముందు మూతి బిగవట్టిండు, గని ఆగలే. బానెట్ మీద చెయ్యేసి వొంగి వొంగి నవ్విండు. వదినె గూడ నవ్వుకుంట, ముక్కు తుడుసుకుంట, మల్ల ఏడ్సుకుంట. నేను పిచ్చోని లెక్క నడుమ నిలవడ్డ. నవ్వాపినంక అన్నడు, "రహీంకు ఫోన్ చెయ్యి సోమయ్యా. ఇంజను దించుదాం. నేను గూడ ఉంట."

రహీం ఒచ్చి తాడు కట్టి గుంజుకపోయిండు. మీ నాయిన పరేషాన్, రోజు ఫోన్లే ఫోన్లు, "నేను ఖరాబ్ చేసిన మామా" అని. రహీమే చెప్పిండు ఆయనకు, "నీ ఆయిల్ తప్పు గాదు బేటా. లోపట ఏండ్ల జిడ్డు పేరుకొని సందులు మూసుకున్నయి. నీదొచ్చి సాఫ్ చేసింది. పాత రబ్బరు సీళ్లు, కారకేం చేస్తయి? నేనిచ్చిన సీసల పాపం గూడ ఉన్నది దాంట్ల." అని.

ఇగ మా అన్న రోజు షెడ్డుకే. పొద్దుగాల వదినె దింపుతుండె, రహీం ఇంటామె షహనాజ్ బేగం చాయి పంపేది. కొత్త రింగులు, కొత్త సీళ్లు. సిలిండరు లోపట వేలు పెట్టి తడిమి, "గీడ గీసుకపోయింది" అనేటోడు. లోపం మంచిగనే పట్టేటోడు, గని ఊకె కెలుకుతుండె. ఒకనాడు ఒక చిన్న ఇనుప వాషరు ఇంజన్ల జారవిడిసిండు. అది ఎతుకెతుకి రహీం, "యా అల్లా, సేట్‌ను ఇంటికి తీస్కపో భాభీ, నా షెడ్డు మునుగుతది" అని మొత్తుకున్నడు. అన్న ఇంటికొచ్చి చేతులకు మసి, లుంగికి మసి, "రహీంకు ఏం తెల్వదే" అనుకుంట రెండు సార్లు బువ్వ ఏయించుకున్నడు. పరాయి చేతులు పడ్డ ఇంజను వద్దన్న మాట ఎవ్వలు ఎత్తలే. ఆయిన చేతులు గూడ పడ్డయి గద దాంట్ల.

ఇంజను ఎక్కిచ్చినంక ముందు మామూలు ఆయిలే పోసిండ్రు, కొత్త రింగులు కుదురుకునేదాంక. తర్వాత మీ నాయిన మల్ల సింథటిక్ డబ్బా పట్టుకోని జనగామకు ఒచ్చి, బయటనే నిలవడ్డడు, లోపలికి రావాలంటె భయం. అన్నే పిలిచిండు, "తే అల్లుడా, ఇప్పుడు పొయ్యి" అని. చుక్క కారలే. గందుకేర నీకు చెప్తున్న, ముందు రహీం కొడుకుకు చూపెట్టు, కింద కారుతాందా, పొగున్నదా... ఆ, ఇప్పుడు షెడ్డు ఆయినదే. సరే, నీ ఇష్టం.

అన్న తర్వాత కొన్నేండ్లే ఉన్నడు. వదినె ఆయిన ఎనుక ఎక్కువ కాలం లేదు. గని గా మొదటి ప్రయాణం మర్వ. ఇంజను తయారైనంక భూపాలపల్లికి బైలెల్లినం, మీ ఇంటికే. నేను ఎనుక సీట్ల. ఇంజను చప్పుడే లేదు. అన్న ఏమన్న అంటడేమోనని వదినె ఎదురు చూస్తాంది, గేరు బాలేదనో క్లచ్చి అనో. హన్మకొండ పోయింది, ఏమనలే. పరకాల పోయింది, ఏమనలే. వదినె పక్కకు చూసింది. అన్న నోరు తెరుసుకోని నిద్ర పోతాండు. తలకాయ సీటుకు ఆనిచ్చి, చేతులు ఒళ్లె పెట్టుకోని. ఎన్నేండ్లకు! వదినె అద్దంలకెల్లి నన్ను చూసి, మాట్లాడకు అని వేలు నోటి మీద పెట్టుకున్నది. గుంతలొస్తె చుట్టు తిరిగి, హారన్ కొట్టకుండ, ఎడ్లబండి లెక్క తీస్కపోయింది. కోటర్లకు ఒచ్చినం. గేటు కాడ మీ అమ్మ నిన్ను సంకనెత్తుకోని నిలవడ్డది. వదినె ఆపలే. ముందుకే పోయింది. ఆపితే లేస్తడని. బొగ్గుబాయి గడ్డ చుట్టు తిప్పి తీస్కొచ్చింది, మల్ల ఆపలే. మల్ల తిప్పింది. మీ అమ్మ, అమ్మకు ఇల్లు మతికి లేదనుకోని, నిన్నెత్తుకోని బండెనుక ఉరుకుతాంది, "అమ్మా గిదే, అమ్మా గిదే" అనుకుంట. వదినె కండ్లపొంటి నీళ్లు కారుతానయి, ఆమె తుడుసుకుంటలేదు, స్టీరింగు ఇడిస్తె బండి అదురుతదని...

...

ఎండ పడ్డది. కుర్చీ ఇటు జరుపు జర.