ఎడమ చంకలోని పిల్ల

లాగోస్‌లో ఒక పాత మేడ. కింది హాల్లో ఆరుగురు అమ్మాయిలు, తాము తిరిగి తిరిగి తీసిన ఊరి ఫోటోలు గోడలకి తగిలించారు. వాన పడుతున్న మధ్యాహ్నం.

“...నేను చెప్తే వినవేంటి ఇసోకెన్. ఆవిడ నీ ఫోటో ముందే నిలబడి ఉంది. వచ్చిన దగ్గర్నుంచీ కదల్లేదు.”

“చూడనీ. చూడ్డానికే కదా పెట్టాం.”

“నీ ఫోటోలో ఉన్నావిడే ఆవిడ.”

“మోజీ, మెల్లగా మాట్లాడు.”

“మెల్లగా ఎందుకు? మన ప్రదర్శన పోస్టరు మీదున్న మనిషి నడిచి లోపలికొస్తే ఎవరైనా కుర్చీ వేసి కూర్చోబెడతారు. నువ్వేంటి, తెర వెనక్కి వచ్చి దాక్కున్నావు? సాయంత్రం పోటీ జడ్జీలు వచ్చేదాకా ఆవిడ ఉంటే ఇంకా బావుంటుంది.”

“వద్దు. వెళ్ళి నేను లేనని చెప్పు.”

“ఉన్నావని ఇందాకే చెప్పేశాను.”

“చంపావు.”

“ఏం చేశావే? ఫోటోకి ఆవిడ నవ్వుతూ సరేనందని చెప్పావు కదా నాతో.”

“చెప్పాను.”

“అంటే?”

“చెప్పానంటే చెప్పాను. ఇప్పుడు కాదు మోజీ... అదిగో, ఇటే వస్తోంది.”

“నువ్వేనా అమ్మాయీ? మొహం అటు తిప్పుకోకు. ఓయింగ్బో సంతలో కెమెరా పట్టుకున్నది నువ్వే.”

“దణ్ణమమ్మా.”

“మోకాళ్ళు వంచి మరీ పెడుతున్నావే. ఆ రోజు ఇంత మర్యాద లేదు.”

“కూర్చోండమ్మా, నా పేరు మోజిసోలా, ఇసోకెన్‌కి స్నేహితురాల్ని. ఆ మూల ఉన్న బస్సుల ఫోటోలు నావే. అయ్యో, మీ వీపున పాప కూడా తడిసిపోయింది. ఇదిగో పాపా, పఫ్-పఫ్ బూరె తిను, వేడిగా ఉంది.”

“ఇంకొకటి ఇవ్వమ్మా.”

“ఇస్తాను, ముందు ఇది తిననివ్వండి.”

“అది కాదు. దీనికి ఒకటి ఇవ్వకూడదు. రెండివ్వాలి.”

“కవలలా? క్షమించండి ఇయా ఇబేజీ, మీరు కవలల తల్లని తెలీలేదు. మా అమ్మమ్మ ఉంటే నెత్తిన మొట్టేది, కవలల తల్లికి ఒక్కటి ఇస్తారుటే అని. ఇదిగోండి, రెండోది. ఆ పాపేది, ఇంట్లో పడుకుందా?”

“నా చేతిలో పెట్టు. దాని సంగతి తర్వాత. ముందు ఈ అమ్మాయితో పనుంది నాకు.”

“అమ్మా, ఆ ఫోటో ఇప్పుడే దింపేస్తాను.”

“దింపమన్నానా?”

“లేదు, కానీ...”

“అడిగినదానికి చెప్పు. నేను బళ్ళో టీచర్ని. అబద్ధమాడే పిల్లలు గోళ్ళు గిల్లుకుంటారు. నీ చేతులు చూసుకో.”

“ఇక గిల్లుకోనమ్మా, అడగండి.”

“ఆ రోజు నీ చెయ్యి పట్టుకున్నాను. గుర్తుందా?”

“ఉందమ్మా.”

“పట్టుకుని ఏమన్నాను?”

“తుడిచెయ్యమన్నారు.”

“నువ్వేం చేశావు?”

“తుడిచేశాను. మీ ముందే.”

“నా ముందే. కెమెరా తిప్పి ఆ చిన్న అద్దం నాకు చూపించావు. ఖాళీ. పైగా మీ అమ్మ మీద ఒట్టేశావు. నేను అడగను కూడా అడగలేదు.”

“అమ్మ మీదా, ఇసోకెన్?”

“నువ్వుండు మోజీ.”

“తుడిచేసింది గోడ ఎలా ఎక్కింది?”

“అది... తుడిస్తే వెంటనే పోదమ్మా. కనబడదంతే. కార్డులో ఓ మూల ఉంటుంది. దాని మీద ఇంకో ఫోటో పడేదాకా.”

“పలక తుడిచినా గీత కనబడినట్టా?”

“అలాగే.”

“అంటే పలక మీద ఇంకోటి రాయకుండా జాగ్రత్తపడ్డావు.”

“...ఆ రోజు మరి ఒక్క ఫోటో కూడా తియ్యలేదు. కార్డు తీసి తిన్నగా మా పిన్ని కొడుకు దగ్గరికి పట్టుకెళ్ళాను. వాడి కంప్యూటర్లో పెడితే వచ్చింది.”

“ఒట్టేసేటప్పుడే తెలుసా, మళ్ళీ తీయొచ్చని?”

“అమ్మా...”

“తెలుసా?”

“తెలుసు.”

“ఛీ, ఇసోకెన్.”

“అనవే, అను. నాకు సిగ్గుగా ఉండదనుకున్నావా? ఇది తగిలించిన రోజు నుంచీ నేను ఆ గోడ వైపు వెళ్ళడం లేదు, చూశావో లేదో. కానీ అంత బాగా వచ్చిన ఫోటో నా జన్మలో లేదు. వదల్లేకపోయాను.”

“సరే. కింద చీటీ మీద ఏం రాశావు? చదువు.”

“మీరు చదివారు కదా.”

“నీ నోటితో చదువు.”

“‘ఆకలి’.”

“ఎవరి ఆకలి?”

“మీదనుకున్నానమ్మా.”

“ఆ పొద్దున్నే చిక్కుళ్ళు వండుకుని అరటిపళ్ళ వేపుడుతో కడుపునిండా తిని వచ్చానమ్మా నేను. మోజిసోలా, నువ్వు మావాళ్ళ పిల్లవి, నువ్వు చెప్పు. కవలల తల్లి సంతలో చెయ్యి చాపితే ఆకలంటారా?”

“అనరు. మొక్కంటారు. పిల్లలకి ఒంట్లో బాగోకపోతే ఇద్దర్నీ ఎత్తుకుని సంతలో పాడి, ఆడి, జనం ఇచ్చింది పుచ్చుకోవాలి. ఇచ్చినవాళ్ళకీ మంచి జరుగుతుంది. కానీ ఇసోకెన్ వాళ్ళది బెనిన్ అమ్మా, దానికి తెలీదు...”

“అడిగితే తెలిసేది.”

“అడగాల్సిందమ్మా. కళ్ళు మూసుకుని నోరు తెరిచి ఉన్నారు. ఏడుస్తున్నారనుకున్నాను.”

“పాడుతున్నాను. అంత మంచి మొక్కైతే తుడిచెయ్యమని ఎందుకు గోల పెట్టారు, అని అడగవేం?”

“నాకు అడిగే మొహం లేదు.”

“నేనే చెప్తాను. నాకూ సిగ్గేసింది. ఆదివారం చర్చిలో పిల్లలకి బైబిలు చెప్పేదాన్ని నేను. పాస్టరుగారు చూస్తే ఏమంటారు, బళ్ళో తోటి టీచర్లు చూస్తే ఏమనుకుంటారు. మా అత్త పోరు పడలేక, పిల్ల జ్వరానికి భయపడి వచ్చాను. తలగుడ్డ కనుబొమ్మల దాకా లాక్కుని మరీ వచ్చాను. నువ్వు ఆ అద్దం చూపించినప్పుడు అందులో నేనేం చూశానో తెలుసా? నా అరచెయ్యి. చాపిన అరచెయ్యి ఒక్కటే చూశాను. పిల్లల వైపు చూడనే లేదు.”

“అమ్మా, అంతగా బాధపడకండి. తప్పు నాది.”

“నీ తప్పు నీకుంది, నేనేం పంచుకోను. ఇప్పుడు చెప్పు. గోడ మీద ఫోటోలో కేహిందే ఉంది, ఇదే, వీపు మీద నిద్రపోతోంది. నా ఎడమ భుజం సగంలో తెగిపోయింది. ఎడమ చంకలో ఏముండాలి?”

“...ఇంకో పాప.”

“ఏమైంది?”

“కోసేశాను.”

“ఎందుకు?”

“ఫోటో బిగువుగా ఉంటుందని...”

“గోళ్ళు.”

“నవ్వుతోందమ్మా. నోరంతా తెరిచి నవ్వుతోంది. ఆ పాప ఉంటే అది ఆకలిలా లేదు. మోజీ, నన్నలా చూడకు.”

“ఎలా చూడమంటావు? ‘మన ఊరిని బయటివాళ్ళు తీస్తే అన్నీ ఏడుపు మొహాలే తీస్తారు, మనం తీద్దాం’ అని మమ్మల్ని ఐదుగుర్ని పోగేసింది నువ్వే.”

“తెలుసు.”

“తెలిసే కోశావు.”

“తెలిసే కోశాను. సరేనా?”

“మీ తగువు తర్వాత పడండి. కోసిన ముక్క ఏమైంది అమ్మాయీ? పారేశావా?”

“లేదు, కోసింది వేరే నకలు. మొత్తం ఫోటో లాప్‌టాప్‌లో...”

“చూపించు.”

“కరెంటు పోయిందమ్మా, జెనరేటర్ వేసే అతను...”

“ఇసోకెన్, దాని బ్యాటరీ నిండుగా ఉంది. సాకులు చెప్పకు, తియ్యి.”

“తీస్తున్నా... ఇదిగోండి.”

“దాని మొహం పెద్దది చెయ్యి.”

“ఇలాగా?”

“ఇంకా.”

“ఇంకా చేస్తే మసకబడుతుందమ్మా.”

“పడనీ... చాలు. అక్కడ ఆపు. కింది పళ్ళ మధ్య సందు చూశావా? అక్కడ నాలిక పెట్టి ఆడుకునేది.”

“అమ్మా, మీరలా చూస్తుంటే నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీడం లేదు. గోడ మీది దింపేస్తాను. జడ్జీలకి నేనే చెప్తాను. పోస్టర్లు నేనే తిరిగి చింపుతాను. దీన్నీ తుడిచేస్తాను. ఈసారి నిజంగా, మళ్ళీ ఎవరూ తీయలేకుండా తుడిచే పద్ధతుంది. కార్డు మీకిచ్చేస్తాను, విరిచి పారెయ్యండి. ఇదిగో, మీ కళ్ళ ముందే చేస్తున్నా, చూడండి...”

“చెయ్యి తియ్యి.”

“అమ్మా, మణికట్టు... నొప్పి...”

“తియ్యమన్నానా.”

“ఆ రోజు కూడా ఇలాగే పట్టుకుని మీరే కదమ్మా తుడవమన్నారు...”

“ఇసోకెన్, ఆ మీట మీంచి వేలు తియ్యవే.”

“తీశాను, తీశాను. ఏమైంది మోజీ, నువ్వెందుకు ఏడుస్తున్నావు?”

“ఆవిడ చేతిలో చూడు. రెండో పఫ్-పఫ్ చల్లారిపోయింది, అలాగే పట్టుకుని ఉంది. ఇయా ఇబేజీ... రెండో పాపేది?”

“ఊరెళ్ళింది.”

“అయ్యో, తల్లీ.”

“ఏ ఊరు?”

“నువ్వు నోరు మూసుకో. కవలల్లో ఒకరు పోతే మావాళ్ళు పోయారనరు. ఊరెళ్ళారంటారు.”

“అలాగే అనాలమ్మా. ఇరుగుపొరుగుతో అలాగే అంటున్నాను. కానీ ఎన్నాళ్ళంటాను? పోయింది. వానలు మొదలైన వారంలో, జ్వరం తగ్గినట్టే తగ్గి పోయింది. తైవో అది. దీనికంటే ముందు పుట్టింది.”

“నాకు... నాకు తెలీదమ్మా.”

“నీకెలా తెలుస్తుంది. నా ఫోను బస్సులో ఎవడో కిటికీలోంచి లాక్కుపోయాడు. దాని ఫోటోలన్నీ అందులోనే. నామకరణం నాటిది ఒకటుంది, రెండు గుడ్డ మూటలు, ఏది ఎవరో తెలీదు. మా వీధి స్టూడియో ముసలాయన జాలిపడి, కేహిందేనే రెండుసార్లు నిలబెట్టి ఇద్దరిలా అతికించి ఇచ్చాడు. పాతకాలంలో అలాగే చేసేవాళ్ళట. గోడకి పెట్టుకున్నాను. మా అత్త దానికి దణ్ణం పెడుతుంది. నాకు మాత్రం రెండు వైపులా కేహిందేయే కనిపిస్తుంది. ఇది నవ్వితే ఆ సందు రాదు.”

“అమ్మా, నేను... మీరు నన్ను తిట్టడానికి వచ్చారనుకున్నాను. మీ పరువు తీశానని.”

“తిట్టడానికైతే బస్టాపులో పోస్టరు చింపేసి పోయేదాన్ని. అందులో కూడా నా ఎడమ పక్క లేదు. అక్కడే నిలబడిపోయాను. ఆ రోజు నా చేత్తో నీ చెయ్యి పట్టుకుని దాన్ని తుడిపించింది నేనే. నువ్వు ఆ ఫోటో ఏమాత్రం పోనివ్వకుండా మొత్తం దాచి, నాతో సగం కాదు, పూర్తిగా అబద్ధమాడి ఉండాలని బస్సులో దేవుడికి మొక్కుకుంటూ వచ్చానమ్మాయీ.”