ఇత్తనం కాయల బిస్కెట్టు

కంబదూరులో మధ్యాహ్నం, బట్టీలోంచి చెనిక్కాయ బిస్కెట్ల వాసన వీధి చివరిదాకా పోతాండాది. కొత్త ప్యాకెట్టు మీద వేసే కథ రాసుకొని మనవరాలు అవ్వ దగ్గరికి వచ్చింది.

"ఇట్లా దగ్గరికొచ్చి కూర్చో పాపా. ఏం రాసినావో చదువు."

"తాత బెంగళూరులో నేర్చుకొని ఈ బిస్కెట్టు చేసినాడని రాసినా."

"మీ తాతకు బన్నులు తప్ప ఏమొచ్చు? చేసింది నేను. ఆ ఏడు ఆషాఢం దాటినా చినుకు లేదు. ఇంట్లో మైదా చాలక, మన చేన్లో ఇత్తనానికి దాచిన చెనిక్కాయలు ఒలిచి, దంచి, పిండిలో కలిపినా."

"ఇత్తనం కాయలా? తాత ఏమనలేదా అవ్వా?"

"మూడు దినాలు నాతో మాట్లాడలేదు. నాలుగోనాడు నేను బట్టీ తెరుస్తాంటే వాన మొదలైంది. ఊరంతా ఎద్దులకు గొర్లు కట్టి ఇత్తనం వేస్తాండారు. మాకు గింజ లేదు."

"అప్పుడు?"

"మీ తాత వాకిట్లో తడుస్తా నిలబడినాడు. చెయ్యి చాపి, ఒక బిస్కెట్టు ఇయ్యి అన్నాడు. తిని, ఇంగ ఇదే మన సేద్యం అన్నాడు. ఇప్పటికీ బట్టీ తెరిస్తే నాకు తడిమన్ను వాసనే వస్తాది."

మనవరాలు కాగితం మీద బెంగళూరు కొట్టేసింది.

"నీ పేరు రాస్తా అవ్వా."

"రాసుకో. ఇత్తనం సంగతి మాత్రం అచ్చు వేయొద్దు, మన రైతులు చదివితే ఇత్తనం తిన్నోళ్లంటారు. అది నోటితోనే చెప్పుకోవాల. గుర్తుపెట్టుకో తల్లీ, వాన పడే దినం నీ బిడ్డను పక్కన కూర్చోబెట్టుకొని చెప్పు."