వేరు లేని మొక్క

నా పేరు గుండేటి పద్మారాణి. భర్త రఘుపతి, సాంచెల మీద బట్ట నేసే పని. నా వయసు నలభై నాలుగు. ఇంట్ల కూసుండి చీరలకు దారాలు కత్తిరించి మడతపెడ్త. సూరత్‌ల ఖటోదరాల రేకుల రూముల ఉంటం. మాది సిరిసిల్ల దిక్కు. నాకు గుజరాతీ వస్తది గని నా మాట నా భాషల్నే రాయాలని అడిగిన. మా గల్లీ సోమలింగం అన్న రాస్కుంట, ఠాణాల పోలీసు సార్లకు అర్థం చెప్తున్నడు.

మా రూము ముందట యాపచెట్టు ఉండె. మా అత్త చిన్నవ్వ ఎండకాలమంత దాని కిందనే మంచమేసుకొని పండేది. లోపల రేకుల వేడికి ఆమెకు ఊపిరాడకపోయేది. ఫిబ్రవరిల సర్కారు పచ్చదారి ప్రాజెక్టోళ్లు వచ్చి చెట్టు కొట్టేసిన్రు. ఎందుకని అడిగితే మొక్కలు పెట్టేందుకు జాగ కావాలన్నరు. నేను కల్పించి చెప్తలేను సార్, గట్లనే అన్నరు.

మే నెలల అత్తకు ఎండదెబ్బ తాకింది. దవాఖానకు తీస్కపోయేసరికే పానం పోయింది.

పోయిన సోమవారం పొద్దుగాల గల్లీ మూలకు పెద్దసార్లు వచ్చిన్రు. గల్లీ పక్కన వరుసగ మొక్కలు నాటిన్రు. షామియానా ఏసిన్రు, కూలర్లు పెట్టిన్రు. నగరం పచ్చగుండాలె అని పెద్ద బ్యానరు కట్టిన్రు, ప్లాస్టిక్‌ది. ప్రాజెక్టు ఇంజనీరు జరీవాలా సాబ్ మైకు పట్టిండు. ఐదేండ్లల్ల మీ గల్లీకి నీడ వస్తదన్నడు. షామియానా కింద కూసున్నోళ్లు చప్పట్లు కొట్టిన్రు.

నేను పోయి ఒక మొక్కను పట్టుకున్న. గుంజలేదు. జర లేపితే చేతులకొచ్చింది. కింద వేరు లేదు. అది మొక్క గాదు, యాడనో కొట్టుకొచ్చిన కొమ్మ. మట్టిల గుచ్చిన్రు. పక్కది లేపిన, అదీ గంతే. ఇంకోటి తీస్కపోయి సాబ్ ముందట బల్ల మీద, పూలగుత్తి పక్కన పెట్టిన.

"దీనికి నీళ్లు పొయ్యమంటవా సాబ్?" అని అడిగిన.

ఆయన నన్ను చూడలేదు. ఫొటోలు తీసెటాయన దిక్కు చూసిండు.

సర్కారు మొక్కలు పీకిన అని కేసు పెట్టిన్రు. వేరు లేనిదాన్ని పీకుడేంది సార్?

నిన్న సాబ్ మనిషి ఇంటికొచ్చిండు. అత్త పోయిన దుఃఖంల సోయి లేక చేసిన అని రాసిస్తే కేసు వాపస్ తీస్కుంటమన్నడు. మా ఆయన రాసియ్యమన్నడు. నేను రాసియ్య. నా దుఃఖం నా ఇంట్ల ఉన్నది, దాంతోని వీళ్లకేం పని? సోయి ఉండే చేసిన. వాళ్లను చూస్తే ఛీ అనిపించి చేసిన. గా ఛీ అన్న మాట తీసెయ్యకుండ్రి, సక్కగ రాయుండ్రి.

ఇదంత సోమలింగం అన్న నాకు చదివి వినిపించిండు. నేను చెప్పినట్టే ఉన్నది, నిజమే ఉన్నది. ఎవల బలిమి లేకుంట చేవ్రాలు పెడ్తున్న.

(సంతకం)
గుండేటి పద్మారాణి