బువా పెట్టుకున్న తలకట్టు

బువా అని ఒకతి ఉండేది, సయాం దేశంలో. బువ్వ కాదే గంగులూ, బువా. వాళ్ళ మాటలో తామరపువ్వంట. నవ్వితే కథ ఇక్కడే ఆపేసి పోతాను, ఆ శనక్కాయలు మీరే ఒలుచుకోండి. ఆ బువా తండ్రి పేరు బున్, ఆయన గురువు. నది ఒడ్డున ఊరు, ఇంటి వెనకాల తాలింఖానా. మన కుర్రాళ్ళు కర్రసాము నేర్చుకోరూ, అలాగ వాళ్ళకి ముయే అని ఒక విద్య. ఇందులో కర్రా లేదు, కత్తీ లేదు. ఎలా పుట్టిందంటే, వెనకటి యుద్ధాల్లో సిపాయి చేతిలో కత్తి విరిగిపోయిందనుకో, వాడేం చెయ్యాలి, నిలబడి చావాలా? అందుకని ఒళ్ళునే కత్తి చేసుకున్నారంట. పిడికిళ్ళు, మోచేతులు, మోకాళ్ళు, పాదాలు, అన్నీ ఆయుధాలే. రాజులకి పనికొచ్చింది కాబట్టి రాజులు నెత్తిన పెట్టుకున్నారు, లేకపోతే ఊళ్ళో కుర్రాళ్ళ కాళ్ళూ చేతులూ రాజులకెందుకు?

గురువు దగ్గరికి ఎవడైనా వస్తే వెంటనే నేర్పడు. నీళ్ళు మొయ్యి, వడ్లు దంచు, కట్టెలు కొట్టు. ఒళ్ళు వంగిందా, పొగరు దిగిందా అని చూసేక, అప్పుడు అరటిబోదె ముందు నిలబెట్టేవాడంట. తన్ను. బోదె చీలి నీరు కారేదాకా తన్ను. చూరుకి దారాలు కట్టి నిమ్మకాయలు వేలాడదీసేవాడు, అవి ఊగుతుంటే మధ్యలో నిలబడి గుద్దాలి, ఒక్కటీ మొహానికి తగలకూడదు. నడుంలోతు ఏట్లో దిగి కొబ్బరిబొండాన్ని మోచేత్తో ముంచాలి. అది తేలుతుంది, మళ్ళీ ముంచాలి, మళ్ళీ తేలుతుంది. ఇవన్నీ అయ్యేకే గురునమస్కారం. అదేమిటంటే, పోటీకి దిగేముందు నూలుతో పేనిన తలకట్టు పెట్టుకుని, బాజా వాయిస్తుంటే నెమ్మదిగా ఒక ఆట ఆడతారు. ఒక్కో గురువుది ఒక్కో ఆట. అది చూసే, వీడు ఫలానా వాడి శిష్యుడని పదిమందికీ తెలుస్తుంది. ఒకే గురువు శిష్యులిద్దరు ఎదురుపడ్డారనుకో, కొట్టుకోకూడదు, దణ్ణం పెట్టుకుని దిగిపోవాలి. ఈ మాట గుర్తుంచుకోండి, కథంతా దీని మీదే ఉంది.

ఇంకోటి. పిడికిళ్ళకి నూలుతాడు చుట్టుకుంటారు. ఆ నూలు వడికేది బువా, పేనేది బువా, గంజి పెట్టి ఆరబెట్టేది బువా. తాడు కొసని జడలాగ అల్లి వదిలెయ్యడం ఆవిడ అలవాటు. తలకట్టు నూలూ ఆవిడ వడికిందే. అయితే బౌద్ధ సన్యాసులు దాని మీద మంత్రం చదివేక మాత్రం ఆడది ముట్టుకుంటే మైలంట! వడికేటప్పుడు లేని మైల అప్పుడెక్కణ్ణించి ఊడిపడిందో ఆ దేశంలోనూ ఎవడూ చెప్పలేదు, మన దేశంలో సరే సరి.

గురువు దగ్గర దామ్ అని ఒక శిష్యుడు. అమ్మా అబ్బా లేనివాడు, నల్లటివాడు, నెమ్మదైనవాడు. బువా చూసి చూసి విద్యంతా కళ్ళతోనే పట్టేసింది, పట్టనివి దామ్ చాటుగా చెప్పేడు. వాళ్ళిద్దరికీ ఒకళ్ళంటే ఒకళ్ళకి ఇష్టం, అది వేరే చెప్పాలా. ఏమైందంటే, ఒక మధ్యాన్నం తండ్రి పడుకున్నాడు కదా అని తలకట్టు తీసింది. వద్దే బువా, మీ నాన్న చూస్తే బతకనివ్వడు అన్నాడు దామ్. నేను వడికిన నూలేగా, నన్ను కరుస్తుందా అని తలకి పెట్టుకుని, తండ్రి ఆట మొదలుపెట్టింది. అది ఆడుతుంటే దామ్ నోరు తెరిచి ఉండిపోయేడంట, శిష్యులెవరికీ అంత బాగా రాలేదని. ఆట సగంలో చూస్తే గుమ్మంలో గురువు.

దామ్ ముందుకొచ్చి, నేనే పెట్టేను గురువుగారూ, ఆవిడ వద్దంటూనే ఉంది అనేసేడు. బువా గబుక్కున తలకట్టు తీసేసింది. గురువు కూతురి వంకైనా చూడలేదు. ఇవాళ్టితో నువ్వు నా శిష్యుడివి కాదు, నా పేరు నీ నోట రాకూడదు, నా ఆట నీ కాలు ఆడకూడదు, ప్రమాణం చెయ్యి అన్నాడు. దామ్ నేల ముట్టి చేసేడు. ఊరి చివర బువా తన నీలం బట్ట అంచు చింపి అతని జబ్బకి కట్టింది. కోపం చల్లారేక నిజం చెప్పేస్తాను, కబురు పెడతాను, వచ్చెయ్యి అంది. నువ్వు పిలిస్తే రానా, అని వెళ్ళిపోయేడు.

చెప్పిందా? చెప్పలేదు. కోతలయ్యేక చెప్తాననుకుంది, వానలయ్యేక చెప్తాననుకుంది, నాన్నకి జ్వరం, తగ్గేక అనుకుంది. సంబంధాలొస్తే వంకలు పెట్టి తిప్పి పంపేది. అలాగ తల నెరవడం మొదలయ్యింది. దామ్ వెళ్ళేనాటికి ఉయ్యాల్లో ఉన్న తమ్ముడు తోంగ్, మీసాలొచ్చి తండ్రి దగ్గరే విద్య నేర్చేడు.

అప్పుడు పట్నంలో దొర జాతర చేసి ముయే పోటీలు పెట్టించేడంట. గెలిచినవాడికి రాజుగారి కొలువు. గురువుకి కాళ్ళు పడిపోయేయి, ఆడవాళ్ళని పోటీ బరి దగ్గరికి రానివ్వరు, తోంగ్ ఒక్కడే అక్క పేనిన తాడు పట్టుకుని పడవెక్కేడు. నాలుగోనాడు పొద్దున్నే పూలదండతో దిగేడు. అక్కా, కొలువొచ్చింది, అన్నం పెట్టు! ఆవిడ వడ్డిస్తుంటే మొదలెట్టేడు. ఆఖర్న నాకొక ముసలాడు పడ్డాడక్కా, గురునమస్కారం ఆడడు, నేలకి దణ్ణం పెట్టి నిలబడ్డాడు. నీ గురువెవడ్రా అంటే లేడన్నాడు. అమ్మా అబ్బా లేనివాణ్ణి చూసేం గానీ గురువు లేనివాడేంట్రా, ఎవడి పెరట్లోదో దొంగిలించుంటాడు అని జనం ఒకటే ఎగతాళి. నేను మన నాన్న ఆట ఆడుతుంటే మాత్రం కళ్ళార్పకుండా చూసేడు. అయ్యేక దగ్గరికొచ్చి, ఈ తాడెవరు పేనేరు బాబూ అని అడిగేడు. మా అక్క అన్నాను. పెళ్ళయ్యిందా ఆవిడకి అన్నాడు. లేదయ్యా, ఏ మగాడూ దాని కంటికానడు అన్నాను. నవ్వేడు.

బువా చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తర్వాత? అంది. తర్వాతేముంది, నేను ఎటు కొడితే అటు ముందే తెలిసిపోతోంది వాడికి, ఒక్కటీ తగల్లేదు. జనం కేకలు. ఆఖరికి మోచెయ్యి విసిరేను. దానికీ అడ్డం చెయ్యెత్తేడక్కా, ఎత్తినవాడు దించేసేడు. ఎందుకు దించేడో మరి. కణతకి తగిలింది, మళ్ళీ లేవలేదు.

జబ్బకేమైనా ఉందా, అని అడిగింది. ఏదో వెలిసిపోయిన నీలం పేలిక, అన్నాడు.

అర్థమయ్యిందా? దొర ముందు దిగేక ఊరికే తప్పుకుంటే ఇద్దరికీ కొరడాదెబ్బలు, తోంగ్‌కి కొలువూ ఉండదు. ఒకే గురువు శిష్యులం అని ఒక్కమాటంటే చాలు. అనాలంటే గురువు పేరు చెప్పాలి. ఆ మాట అనడు, బువా తమ్ముణ్ణి కొట్టడు. ఇంక మిగిలిందేమిటి?

తండ్రి అరుగు మీద పడుకుని తోంగ్ చెప్పిందంతా వింటున్నాడు, బువా అక్కడికొచ్చింది. ఆనాడు తలకట్టు నా తలకి నేనే పెట్టుకున్నాను నాన్నా, దామ్ కాదు అంది. మరి అప్పుడే ఎందుకు చెప్పలేదే, అన్నాడు ముసలాయన. నువ్వు నన్నడిగేవా, అతణ్ణే అడిగేవు, నేనక్కడ ఉన్నట్టే లేదు నీకు అంది. అని, అక్కడే కూలబడి, నేనూ చెప్పలేదు నాన్నా, రోజూ రేపు చెప్తాననుకున్నాను, అని ఏడిచింది.

తండ్రిని పడవలో పడుకోబెట్టుకుని పట్నం వెళ్ళేరు. గుడి వెనక సత్రంలో చాప మీద ఉన్నాడు దామ్. ప్రాణం వీళ్ళు రాకముందే పోయింది. నా అన్నవాళ్ళెవరూ లేరని చేతులకి చుట్టిన తాళ్ళు ఎవరూ విప్పలేదు. గురువు ఒళ్ళో తలకట్టు, ఇంటి దగ్గర్నించి తెచ్చేడు. శిష్యుడి తలకి గురువే పెట్టాలి కదా. కాళ్ళు పడిపోయినవాడు, చాప మీదకి వంగలేకపోయేడు. ఇదిగో తల్లీ, నువ్వు పెట్టు, అని కూతురికి చాపేడంట. చూసేరా! అప్పుడు మైల పోయింది.

బువా తీసుకోలేదు. అది నీ దగ్గరే ఉంచుకో నాన్నా, అతనిది అతనికి బతికుండగా ఇవ్వవలసింది, అంది. దామ్ చెయ్యి ఒళ్ళోకి తీసుకుని, నెత్తురుకి అట్టకట్టిన తాడుని నీళ్ళతో తడుపుతూ, చుట్టు తర్వాత చుట్టు విప్పింది. ఎక్కడో ఎవరో పేనిన ముతక తాడు. కొస దగ్గరికొచ్చేసరికి చూస్తే జడ. వంకరటింకరగా, మగవాడి చేత్తో అల్లుకున్న జడ. అప్పుడు పెట్టింది శోకం, సత్రం సత్రమంతా వినేలాగ.

తోంగ్ ఆ కొలువు చేసేడు, పెద్దవాడయ్యేడు. తాడు పేనవే అక్కా అంటే మాత్రం, బజార్లో దొరుకుతుంది పో అనేదంట. తలకట్టు ఆడవాళ్ళు ముట్టుకోకూడదన్న కట్టుబాటు మట్టుకు అలాగే నడిచింది. ముట్టుకుంటే విద్య చెడిపోతుందంట. ఏం చెడిపోయిందో, ఎవరి మూలాన చెడిపోయిందో నన్నడక్కండి, మీకూ తల ఉంది. ఆ చేట ఇటు తొయ్యవే గంగులూ, కథ వింటూ పుచ్చిన కాయలన్నీ మంచివాటిల్లో కలిపేసేవు.