అట్ట ఖాళీ అయ్యేదాంక

రాయదుర్గం. జీన్సు ప్యాంట్లు కుట్టే యూనిట్ వెనక సందులో రూతు అద్దెగది. అన్నం బెల్లు కొట్టినాక, పక్క మిషను లక్ష్మక్క వచ్చి కూచుంది.

“ఈ పక్కకు రా అక్కా. ఆ చెవికి కట్టుండాది, వినపడదు. సూపర్వైజరు పంపిచ్చినాడా?”

“ప్రతాప్ ఎవుడు నన్ను పంపేకి? నేనే వచ్చినా. ఎట్లుండావో చూసిపోదామని.”

“అన్నం బెల్లు అర్ధగంట. క్యారియరు గూడా తెరవకుండా సంకలో పెట్టుకోని వచ్చినావు. ఊరికే వచ్చినావా?”

“సరే, పంపినాడు. అయితే ఏమిప్పుడు? రేపు లోడు పోవల్ల. నీ జిప్పు మిషను ఐదు దినాల్నుంచి ఖాళీ. రేపు నువ్వు రాకుంటే కుందుర్పి ఊరి కొత్త పిల్లను కూచోబెడతాడంట. మిషను పోతే మళ్లా రాదు మే రూతూ.”

“రాలేనని చెప్పినా గదా.”

“నేను రాలేదా? నాకూ చెవి ఆపరేషనే. నాలుగో దినం మిషను మీద ఉంటి.”

“నీదొక ఆపరేషనా?”

“ఏం మే, నోరు లేస్తాండాది?”

“యాడ లేస్తాది? దవడ తెరిస్తేనే గూబ లాగుతాది. అయినా చెప్తా, విను. నీకు చెవి రంధ్రంలోనుంచే పోయి, చిల్లి పడిన పొరకు అతుకేసినారు. అంతే. నాకు చెవి వెనకాల కోసి, చెవిని ముందరికి మడిచి, పుచ్చిన ఎముకను బోరేసినట్ల తొలిచినారు. నువ్వు మోకాలి కాడ అతుకేసిన ప్యాంటు. నేను కుట్లన్నీ ఇప్పి మళ్లా కుట్టిన ప్యాంటు. రెండూ ఒకటేనా?”

“ఆసుపత్రి చీటీ ఒకటే గదా మే. పూటకొకటి, మూడు దినాలకు తొమ్మిది నొప్పి మాత్రలు. నాకూ అదే, నీకూ అదే.”

“అదే నా కడుపుమంట! చెవి అంటే చాలు. ఎముక తొలిచినోళ్లకీ అతుకేసినోళ్లకీ ఒకటే చీటీ అచ్చేసి పెట్టుకున్యారు.”

“అంత నొప్పుంటే మింగల్ల గదా? ఏదీ, మాత్రల అట్ట చూపీ.”

“ఎందుకు?”

“దిండు కింద ఉండేది అదే గదా? ఇట్లియ్యి. ఒకటి, రెండు... ఆరు! ఐదు దినాలకు మూడేనా మింగింది? ప్రతాప్ చెప్తే నేను నమ్మలేదు మే. ‘నొప్పీ లేదు ఏమీ లేదు, నాటకం ఆడ్తాండాది’ అన్న్యాడు.”

“నాటకమా? తల కింద పెట్టలేక గోడకానుకోని కూచోనుండా ఐదు దినాల్నుంచి. నోట్లో గుడ్డ కుక్కుకుంటాండా, పక్కింటోళ్లకు నా ఏడుపు వినపడకూడదని. అది నాటకమా?”

“మరి మింగేకి ఏం రోగం నీకు?”

“మింగితే అట్ట ఖాళీ అయిపోతాది!”

“అయితే కానీ!”

“సెలవడిగిన దినం ఏమన్న్యాడో తెలుసా ఆయప్ప? ‘మాత్రలు ఉన్నన్ని దినాలే సెలవు. అట్ట ఖాళీ అయితే మిషను కాడికి రావల్ల. దినామూ పొద్దున అట్టను ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు’ అన్న్యాడు. చీటీ ప్రకారం మింగింటే నిన్ననే రావల్ల నేను. తలొంచి జిప్పు కుడితే ఈ కుట్లు నిలుస్తాయా? అందుకే సగం సగం ఇరుచుకోని మింగుతాండా. మింగితే సెలవు పోతాది. మింగకుంటే నాటకమంటాడు. ఎట్ల చావల్ల నేను?”

“ఆసుపత్రికి పోయి ఇంకో చీటీ రాయించుకోరాదా?”

“అదీ అడిగినా. ‘కొత్త చీటీలు చెల్లవు. లక్ష్మక్కకు ఎన్నో నీకూ అన్నే’ అన్న్యాడు.”

“నా పేరు చెప్పినాడా?”

“నీ పేరే! ‘తొమ్మిదీ మింగి నాలుగో దినం నవ్వుకుంటా వచ్చె, ఆయమ్మను చూసి నేర్చుకో’ అని. నీ వల్లే నాకీ గతి. బాగా మింగినావులే తల్లీ.”

“నేను మింగలేదు.”

“ఏమీ?”

“ఒకటే మింగినా, మొదటి దినం. తెల్లారి లేచేతలికి నొప్పి లేదు.”

“మరి తొమ్మిదీ అయిపోయినాయని అందరి ముందరా చెప్పితివే!”

“చెప్పినా. మాత్రలు మిగిలినాయంటే, నొప్పి లేకుండానే ఇంట్లో పండుకుంటివా అంటాడని భయపడితి. ఆ అబద్ధం పట్టుకోని నీకు రూలు పెట్టినాడా వాడు? థూ, నా నోట్లో మన్ను పడ.”

“ఇప్పుడేడ్చి ఏం లాభం అక్కా?”

“ఏడ్చేదెవురు? ముందు నువ్వు మింగు. సగం గాదు, నిండుది. ఇంద, నీళ్లు. మింగినావా? ఉండు, స్పీకర్లో పెడతా, నువ్వూ విను... హలో, ప్రతాపూ?”

“ఏమక్కా, చూసినావా? అట్టలో ఎన్నుండాయి?”

“ఐదు. ఒకటి నా కండ్ల ముందరే మింగింది.”

“చూస్తివా! ఐదు దినాలకు నాలుగు. నొప్పుండే మనిషి అట్ల దాచిపెట్టుకుంటాదా? రేపు ఎంటబెట్టుకోని రా.”

“ఉండప్పా. అట్ట ఖాళీ అయ్యేదాంక సెలవనే గదా నీ రూలు?”

“రూలదే. నిన్ను చూసే గదా పెట్టింది. కానీ ఇట్ల దాచుకుంటే...”

“దాచుకుంటే చెల్లదని రూల్లో చెప్పినావా? ఖాళీ అయినాంక రావల్ల. అంతేనా, కాదా?”

“అంతే. ఏమైందిప్పుడు?”

“అయితే ఫోటో పెడతా, చూసుకో. నా క్యారియరు సంచిలో నా అట్టుండాది, పోయిన నెలది. దాంట్లో ఇంకా ఎనిమిదుండాయి. రేపట్నించి నేనూ రాను.”