పిట్ట ముట్టని ఆట

శామీర్‌పేట రోడ్డు పక్కన ప్లాట్లు అమ్మే ఆఫీసు. ఆదివారం మధ్యాహ్నం. జనార్ధన్, ఆయన బిడ్డ అశ్రిత. ఇద్దరి మధ్య టేబుల్ మీద లాప్‌టాప్.

"నడుస్తనే ఉన్నడు గని ఏడికీ పోతలేడు. ఏందే అశ్రితా, నీ ఆట ఖరాబైందా?"

"ఖరాబు కాలే నాయిన. ఆ దారి అంతే. ఇంకొంచెం నడిపియ్యి."

"ఎంతసేపు?"

"వచ్చేదాక."

"పొద్దుగాల్నించి సైటు మీద తిరిగి తిరిగి కాళ్లు గుంజుతున్నయి. గీ ఆటల గూడ నడుసుడేనా? జర కూసోనియ్యి నన్ను."

"నువ్వు కూసునే ఉన్నవ్ నాయిన. నడిచేది వాడు."

"వాడు మాత్రం మనిషి కాదా? అలిసిపోయినట్టే ఉన్నడు పాపం. మొఖం గూడ పెట్టలే నువ్వు వానికి."

"నీళ్ల తొట్టి కాడికి తీస్కపో. కనవడ్తది."

"ఏది, గీ తొట్టా? ఆఁ... అరె. నా మొఖం లెక్కున్నదేందే?"

"నీ ఫోటో చూసే గీసిన."

"నేను గింత ముసలోణ్ణి అయిన్నా?"

"ముందుకు పో నాయిన."

"పోతున్న, పోతున్న. ఇగో, ఫ్రిజ్ ఒకటొచ్చింది. చేన్ల నిలవెట్టినవా ఫ్రిజ్‌ను?"

"తెరువు."

"తెరిస్తే... లోపట వాన వడ్తాంది! ఫ్రిజ్‌ల వాన వడ్తదానే?"

"అది ఎప్పుడో పడ్డ వాన. వాని యాదిల పడ్తాంది."

"యాదికి కరెంటెవరిచ్చిన్రు? వైరు గూడ లేదు దీనికి."

"జోకులొద్దు. ఒక్కసారి మొత్తం ఆడుతనన్నవ్. నువ్వు ఆడితే, రేపటి నుంచి నువ్వు చెప్పినట్టే ఈ ఆఫీసుల కూసుంటనన్న. మాటంటే మాట."

"ఆడుతున్న గదా. అవునే, నీ కుర్చీ సూసినవా? తిరిగే కుర్చీ. సుచిత్ర చౌరస్తా కాడ నాలుగు దుకాణాలు తిరిగి తెచ్చిన. ఏసీ కింద ఏపిచ్చిన."

"చూసిన."

"మంచిగున్నదా?"

"మంచిగున్నది."

"గంత సల్లగ అంటవేందే? మంచిగున్నదంటే మంచిగున్నట్టు అనాలె."

"మస్తున్నది నాయిన. సరేనా? ఆ రాళ్ల కెళ్లి పో ఇప్పుడు."

"గీ రాళ్లు... నంబర్లున్నయి. మన ప్లాట్ల రాళ్లే గదా ఇవి?"

"మన గౌడవెల్లి చెల్కనే. ఇప్పుడు రాళ్లే కదా ఉన్నది అక్కడ."

"ఇరవై, ఇరవై ఒకటి..."

"లెక్కపెట్టకు. అవి అయిపోవు."

"అమ్మేటోనికి మంచిదే గది. ఆఁ, ఏదో వచ్చింది. ఇస్తారి ఉన్నది. ఇస్తారిల అన్నం, కూర, రెండు గారెలు... అశ్రితా. ఏందే ఇది?"

"నీకు తెల్సింది కదా."

"పిట్టకు పెట్టినవా?"

"ఊఁ."

"మీ అమ్మ మూడొద్దుల నాటి ముచ్చట దీన్ల పెట్టినవా? ఎవలన్న పెడ్తరా ఆటల? మనిషి పోయి, పిట్టకు బువ్వ పెట్టి, చెయ్యి జోడిచ్చుకొని నిలవడ్తే... గది ఆటనా నీకు?"

"ఆట అంటే ఉరుకుడు, కొట్టుడే కాదు నాయిన."

"మరేంది?"

"నిలవడుడు కూడ ఆటనే. ఏం చెయ్యాల్నో తెల్వక నిలవడుడు."

"గది నేను రోజూ జేస్తున్న. లాప్‌టాప్ ఎందుకు దానికి?"

"ఆడు నాయినా. సగంల లేవకు."

"ఎన్క నిలవడ్డోళ్లెవరు? ఒక్కనికన్న మొఖం లేదు."

"చుట్టాలు. ఊకె నిలవడ్తరు. ఒకడు మాత్రం మాటిమాటికి ఫోన్ల టైం చూస్తుంటడు."

"వాడు మహేందరే."

"నేను మహేందర్ కాక పేరు పెట్టలే."

"పెట్టకున్నా తెలుస్తనే ఉన్నది. సొంత వదిన పోతే గూడ వానికి మీటింగే. సరే, కాకి ఏది?"

"పైన కరెంటు తీగ మీద."

"రమ్మను మరి."

"నువ్వే రప్పియ్యాలె. అదే ఆట. ఆమెకు ఇష్టమైనయి ఇస్తారిల పెట్టొచ్చు. లేకుంటే ఈ పొడుగు బటన్ ఒత్తి, ఇక్కడ మాట టైప్ చెయ్యొచ్చు. మాటిచ్చినట్టు."

"బోటి కూర పెడ్త. మీ అమ్మకు పాణం బోటి అంటే. పెట్టిన... రాలే. పాయసం పెట్టిన. రాలే. ఆగు, టైప్ జేస్త. 'నీ తమ్ముణ్ణి మంచిగ సూసుకుంట.' ఆఁ, మెడ తిప్పింది! సూసినవా, మెడ తిప్పింది!"

"తిప్పుతది. దిగదు."

"'ఇల్లు ఎవ్వలకు అమ్మను. నీ పేరే పెడ్త.' రాలే. 'తాగుడు బందు జేస్త.' ఊహూఁ. పొద్దు గూడ కదుల్తలేదేందే? ఎండ గట్లనే కొడ్తాంది."

"ఆడేటోడు విసుగొచ్చి లేచిపోతేనే పొద్దు గూకుతది. కూసున్నంతసేపు మధ్యాహ్నమే."

"గెలుసుడెట్ల మరి?"

"గెలుసుడు లేదు."

"ఓడుడు?"

"అదీ లేదు."

"మరి ఎవలాడ్తరే గీ దిక్కుమాలిన ఆట!"

"మా దోస్తు ప్రణయ్ ఆడిండు. ఝాన్సీ ఆడింది. ఝాన్సీ వాళ్లు చర్చికి పోయేటోళ్లు, వాళ్లల్ల పిట్టకు పెట్టుడే లేదు. అయినా రెండు గంటలు కూసుంది. పోయిన వాళ్ల నాయినకు చేపల పులుసు ఇష్టమట. అదే పెట్టుకుంట, అదే పెట్టుకుంట ఏడ్చింది."

"వచ్చిందా?"

"రాలే."

"ఉన్న ఏడుపులు సాలవని ఇంకో ఏడుపు తయారు జేసినవన్నట్టు. ఆగు, ఫోనొస్తాంది. హలో! ఆఁ, చెప్పుండ్రి సార్. ఉన్నది సార్, తూర్పు మొఖందే ఉన్నది. దేవరయాంజాల్ కెళ్లి వస్తే పది నిమిషాలు సార్. ఎప్పుడైనా రాండ్రి. రేపటి నుంచి మా బిడ్డ కూసుంటది సార్ ఆఫీసుల, అన్ని ఆమెనే చూపిస్తది. ఆఁ, ఒక్కతే బిడ్డ సార్. మంచిది సార్."

"అప్పుడే చెప్పేసినవా అందరికి?"

"చెప్పొద్దా? సంతోషమైతాంది, చెప్పుకుంటున్న. ఇగ సాలు తియ్యే, కండ్లు గుంజుతున్నయి. నువ్వే చెప్పు, ఏం రాస్తే వస్తది కాకి? లోపట నువ్వే రాసిపెట్టినవ్ గదా."

"రాయలే."

"అంటే?"

"కాకి ఎందుకొస్తదో నేను రాయలే. ఆకాశం రాసిన, రాళ్లు రాసిన, ఫ్రిజ్‌ల వాన రాసిన. అదొక్కటే రాయలే. నాకు తెల్వదు."

"తెల్వకుండ రెండేండ్లు కూసున్నవా దీని మీద?"

"బెంగళూరు గేమ్ కంపెనీ వాళ్లకు ఆట నచ్చింది. బయటికి తెస్తమన్నరు. కాని ఆఖరు లేదు కదా. ఇయ్యాల ఆరింటి వరకు ఆఖరు పంపకుంటే వద్దంటున్నరు."

"వద్దంటే వద్దనని. రేపటి నుంచి ఆఫీసుండనే ఉన్నది."

"ఆఫీసు ఆఫీసే. వస్తనన్న, వస్త. కాని దీనికి ఆఖరు నీ దగ్గరున్నది నాయిన."

"నా దగ్గరేమున్నదే? నాకు గేర్లు, బ్రేకులు తప్ప ఏ బటన్ తెల్వదు."

"ఆ రోజు మూడు గంటలు నిలవడ్డం ఎండల. యాదున్నదా?"

"ఇప్పుడు గదంత ఎందుకు?"

"యాదున్నదా, లేదా?"

"ఉన్నది."

"కాకి తీగ మీదనే కూసున్నది. రాధమ్మత్త మాటిచ్చింది, రాలే. కాక మాటిచ్చిండు, రాలే. ఆవుకు పెట్టి పోదమన్నరు అందరు. అప్పుడు నువ్వొక్కనివే ఇస్తారి కాడికి పోయి, మాకు ఈపు తిప్పి వంగి కూసున్నవ్. ఏదో అన్నవ్. నీ దవడ మెదులుడు పక్క నుంచి నేను చూసిన. నువ్వు లేచి ఇటు నాలుగడుగులు వేసినవో లేదో, కాకి దిగింది."

"దిగింది. మంచిదే గదా. ఛాయ్ తెప్పియ్యాల్నా?"

"ఛాయ్ వద్దు. ఏమన్నవ్ అప్పుడు?"

"సెప్పిన గదనే ఎన్నోసార్లు."

"ఇంకోసారి చెప్పు."

"నీ బిడ్డతోని గీ ఆటల పిచ్చి మాన్పిస్త, నా పక్కకు కూసోవెట్టుకుంట అన్న."

"ఆ మాటే ఇక్కడ టైప్ చెయ్యి. అమ్మకు ఎట్ల చెప్పినవో అట్లనే. అదే పెట్టి పంపిస్త."

"నాకు టైపింగ్ రాదు."

"ఇప్పటిదాక చేసినవ్ కదా!"

"కండ్లద్దాలు కార్ల ఉన్నయి."

"కండ్లకే ఉన్నయి నాయిన."

"ఊకె సతాయించకే. పరేషాన్ చేస్తున్నవ్."

"నేను పరేషాన్ చేస్తున్ననా? ఆ పొద్దున డ్యూటీకి పోయేటప్పుడు అమ్మతోని లొల్లి పెట్టుకున్న. 'నీకేం తెల్వదు, నోర్మూసుకో' అన్న. అదే ఆఖరు మాట. మళ్ల ఇంటికొచ్చేసరికి లేదు. మూడొద్దులకు కాకి వస్తలేదు. నా గురించి నువ్వు మాటిస్తే అప్పుడొచ్చింది. అంటే అమ్మ నా మీద కోపంతోనే పోయినట్టు కదా?"

"ఛీ! ఏం మాటలే గవి?"

"రెండేండ్ల నుంచి అవే మాటలు. పండుకుంటే అవే, లేస్తే అవే. అలిసిపోయిన నాయిన. అందుకే ఆఫీసుకు వస్తనన్న. కుర్చీ కోసం కాదు. అమ్మ కోపం పోతదేమోనని."

"మీ అమ్మకు నీ మీద కోపం లేదు."

"నీకెట్ల తెల్సు?"

"లేదంటున్న గదా."

"అయితే టైప్ చెయ్యి."

"అశ్రితా..."

"చెయ్యి నాయిన. ఒక్క లైను. ఎందుకు చెయ్యవ్?"

"నేను గా మాట అనలేదే."

"ఏం?"

"నీ ముచ్చటనే తియ్యలే ఆడ. ఎవ్వలకు ఏం మాటియ్యలే."

"మరి నాకెందుకు చెప్పినవ్?"

"ఇంటికొచ్చినంక అడిగినవ్. 'ఏమన్నవ్ నాయినా, ఏమన్నవ్' అని ఎన్కవడ్డవ్. ఏదో ఒకటి సెప్పాలె. నోటికి గదొచ్చింది."

"నోటికొచ్చిందా! నోటికొచ్చిందని రెండేండ్లు చెప్పినవా? అమ్మ పేరు పెట్టి?"

"తర్వాత తర్వాత మంచిగనే ఉన్నదనిపిచ్చింది. నువ్వు దూరం పోవు. ఆఫీసుల కండ్ల ముందల ఉంటవ్. ఒక్కణ్ణి అయిపోయిన్నే. ఇంటికి పోతే గోడలు, ఈడికొస్తే రాళ్లు. తప్పే. నా తప్పే. తిట్టు."

"తిట్టే ఓపిక కూడ లేదు నాకు."

"నువ్వు ఏడుస్తున్నవని తెల్సుంటే ఎప్పుడో సెప్పేటోణ్ణి. నా మీద ఒట్టు."

"ఒట్లు పెట్టకు. రేపు నేను రాను."

"రాకు."

"నిజంగ రాను."

"రాకే. కుర్చీ ముచ్చట నేను సూసుకుంట. మహేందర్‌ను కూసోవెడ్త, వాడు ఫోన్ సూసుకుంట తిరుగుతడు దాన్ల."

"నవ్వియ్యకు నన్ను. నవ్వను."

"సరే."

"నా గురించి అనలే. మరి దేని గురించి అన్నవ్? నువ్వు ఏదో అంటేనే కదా కాకి దిగింది."

"దేని గురించీ అనలే."

"నీ దవడ మెదిలింది. నేనొక్కదాన్నే కాదు, అత్త కూడ చూసింది. అబద్ధం చెప్పకు మళ్ల."

"మెదిలింది. మాట్లాడలే."

"అదెట్ల?"

"అమ్మకు ఏమైందని సెప్పిండు డాక్టరు?"

"మాట మార్చకు."

"మారుస్తలేను. సెప్పు."

"షుగర్ ఒక్కసారే పడిపోయిందన్నడు."

"ఎందుకు వడ్డది?"

"గోలీ ఎక్కువైందేమో అన్నరు అందరు."

"గోలీ ఎప్పటిదే. ఎక్కువ ఏసుకోలే. కడుపుల బువ్వ లేదు. ఆ దినం నేను రిజిస్ట్రేషన్ ఆఫీసు కాడ ఇరుక్కున్న. పన్నెండుకొస్తనన్న, రెండుకన్న, మూడుకన్న. ఫోన్ చేసినప్పుడల్ల 'వస్తున్న జయా, తొవ్వల ఉన్న' అనుకుంటనే ఉన్న. నేనొచ్చి సూసేసరికి వంటింట్ల పడున్నది. బువ్వ వండి, కూర వండి, రెండు పళ్లాలు పెట్టి."

"నాకెప్పుడు చెప్పలే నువ్వు ఇది."

"ఎవ్వలకు సెప్పలే."

"వండి పెట్టుకొని... ఎందుకు తినలే నాయిన?"

"నేను తినందే మీ అమ్మ ఎన్నడన్న తిన్నదా బిడ్డా? గందుకే ఎవ్వలకు కనవడకుండ వంగి, ఆమె ఇస్తారిల చెయ్యి వెట్టి, ముందుగాల ఒక ముద్ద నేను తిన్న."