మా ఆయన ఇంట్లోనే ఉంటారు

అబ్బ, ఆ సూట్‌కేసు అలా గుమ్మానికి అడ్డంగా పెట్టి నావైపు గుడ్లురిమి చూడకండి. ముందు లోపలికి రండి, తలుపేయండి. మెట్ల మీద నిలబడి మాట్లాడితే మూడంతస్తులకీ వినపడుతుంది. ఎడిన్‌బరాలో పాత బిల్డింగులంటే ఏమనుకున్నారు? పైవాళ్ళు తుమ్మితే కిందవాళ్ళు బ్లెస్ యూ అంటారు.

ఏమిటీ? వీడియో చూశారా? అప్పుడే కోవెంట్రీ దాకా వచ్చేసిందన్నమాట! ఇక్కడి మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టిందెవరు, కిరణ్మయేనా? అనుకున్నాను. "మన నాగజ్యోతి అక్క పార్లమెంటు కమిటీలో" అని రాసి కింద దండాలు కూడా పెట్టిందట. మీరు మాత్రం ఒక్క మంచి మాట అనలేదు. పెళ్ళాం నిన్న అంతమంది పెద్దల ముందు కూర్చుని మైకులో మాట్లాడిందే, చీర బాగుందే అని ఒక్క ముక్క... ఊహూఁ. బుధవారం పూట ఆఫీసు మానేసి, రైలెక్కి, పోట్లాడ్డానికి వచ్చారు.

నేనేం అన్నానండీ అంత కానిమాట? "మా ఆయన ఇంట్లోనే ఉంటారు. రోజూ రాత్రి తలుపు గడియ ఆయనే వేస్తారు, గ్యాసు కట్టేశానో లేదో ఆయనే చూస్తారు" అన్నాను. ఏ ఆడదైనా అనే మాటేగా!

ఆఁ, తెలుసు తెలుసు. ట్యాక్సు. స్కాట్లాండులో కాపురముంటే ఇన్‌కమ్ ట్యాక్సు ఒక రకం, ఇంగ్లండులో ఉంటే ఇంకో రకం. మీ జీతానికి ఇక్కడే ఎక్కువ పడుతుంది. ఇన్నాళ్ళూ పడితే పడిందిలే అని కట్టాం. లండన్ పక్కన హేస్‌లో కూర్చుని మన ట్యాక్సులు చూసే ఆ బాపురావు గారున్నారే, మహానుభావుడు, ఆయన పెట్టారు మీ బుర్రలో పురుగు. "మీ అక్కయ్యగారి ఇల్లు ఇంగ్లండులో, కోవెంట్రీలోనే ఉంది, మీరు ఇంట్లో కూర్చుని పనిచేసే ఆ ఆఫీసూ అక్కడే ఉంది. అదే మీ అసలు ఇల్లు అనిపించేద్దాం" అన్నారు. ఇంకేముంది! సోమవారం తెల్లారేసరికి బ్యాగు సర్దుకుని పోవడం, శుక్రవారం సాయంత్రం చుట్టంలా రావడం. మీకేమో ఆదిలక్ష్మి వదిన చేతి బెండకాయ వేపుడు. నాకేమో గోడలు.

గోడలతో ఎన్నాళ్ళని మాట్లాడనండీ? అందుకే కదా పక్కగది టూరిస్టులకి ఇద్దామన్నాను. మీరూ సరే అన్నారు. మనం ఉంటున్న ఇంట్లో ఒక్క గది నాలుగు రోజులకి ఇచ్చినా కౌన్సిల్ లైసెన్సు ఉండి తీరాలట. దానికి ముందు నా పేరూ అడ్రసూ రాసిన నోటీసు వీధిలో పోయేవాళ్ళకి కనపడేలా బయట అంటించాలట. నాగజ్యోతి అనే ఆవిడ ఇంట్లోకి పరాయివాళ్ళని దింపుకోబోతోంది, అభ్యంతరమున్నవాళ్ళు చెప్పండహో అని! వీధిలో తలెత్తుకోలేకపోయాను. అప్పటికే మీరు వారమంతా కోవెంట్రీలోనే ఉంటున్నారు. మనవాళ్ళు ఈ రెండూ కలిపి చూశారు.

ఏం చూశారా? భలేవారండీ మీరు! మొగుడు కనపడడు, పెళ్ళాం ఇంట్లో గది అద్దెకిస్తోంది. దానికి అర్థమేమిటో వేరే చెప్పాలా? ఉగాది భోజనాల దగ్గర కిరణ్మయి నా భుజం మీద చెయ్యేసి, "అక్కా, ఏదైనా ఉంటే చెప్పు, మనసులో పెట్టుకుని కుమిలిపోకు" అంది. పులిహోర గొంతుకడ్డం పడింది నాకు. అనూష అయితే ఇంకా మంచిది, విడాకుల లాయరు నంబరు పంపించింది!

ఏమని చెప్పనండీ వాళ్ళకి? మా ఆయన నన్నొదిలెయ్యలేదమ్మా, ట్యాక్సు తగ్గుతుందని వాళ్ళక్క ఇంట్లో పడుకుంటున్నారు అని చెప్పనా? ఎవ్వరికీ చెప్పొద్దని మీరే నా చేత ఒట్టేయించుకున్నారు. నోరు మూసుకుని బొబ్బట్టు తిన్నాను. వాళ్ళేమో నా మొహం చూసి, పాపం, ఇంకోటి వేశారు.

ఈ స్కాట్లాండు పార్లమెంటుకి నేనేం పనిగట్టుకుని పోలేదు. ఇళ్ళల్లో గదులిచ్చేవాళ్ళ సంఘం ఒకటుంది కదా, వాళ్ళ తరఫున వెళ్ళాల్సిన పెద్దాయనకి జ్వరం తగిలింది. "నువ్వయితే బాగా మాట్లాడతావు, నువ్వెళ్ళు" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మాట మెచ్చుకోలుగా విన్నది అప్పుడేనండీ. ఎందుకు పోను?

తీరా పోతే, ముందు ఇన్‌కమ్ ట్యాక్సు మీద విచారణ, టీ తాగొచ్చాక గదుల లైసెన్సుల మీద. అదే కమిటీ, అవే కుర్చీలు, అవే మొహాలు. ఈ ట్యాక్సు వల్ల జనం సరిహద్దు దాటి పోతున్నారా అని పొద్దున గంటసేపు వాదించుకున్నారు. నేను వెనక వరసలో కూర్చున్నాను, బుద్ధిగా.

నా వంతొచ్చాక అడిగినవన్నీ చెప్పాను. లైసెన్సు పేరుతో మా బోటివాళ్ళని ఎన్ని తిప్పలు పెట్టారో చెప్పాను. తలుపు పక్కన తాళాల డబ్బా తగిలించి వాళ్ళే తీసుకుంటారులే అనే రకం కాదు నేను, ఎవరొచ్చినా నేనే ఎదురెళ్ళి తలుపు తీస్తాను, టీ ఇస్తాను అని చెప్పాను. బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన ముసలి దంపతులు నా గోంగూర పచ్చడి తిని, కళ్ళు తుడుచుకుంటూ మళ్ళీ వేయమన్నారని చెప్తే అందరూ పగలబడి నవ్వారు. ఏం, పలకరు? ఆ కిరణ్మయి పనికొచ్చే ముక్కంతా కోసేసి పెట్టుంటుంది.

ఆ తర్వాతేనండీ వచ్చింది చిక్కు. ఆ కళ్ళజోడు సభ్యురాలు నన్ను పట్టుకుంది. "మీరు ఒంటరిగా ఉంటారా? ఇంట్లో మగవాళ్ళెవరూ లేరా?" అని గుచ్చి గుచ్చి అడిగింది. కెమెరా నా మొహం మీదే ఉంది. మనవాళ్ళంతా చూస్తున్నారు. అవునండీ, ఒంటరిదాన్నే అనమంటారా? నా నోరెలా వస్తుంది? అందుకే అలా అనేశాను.

బాపురావు గారు ఫోను చేశారా? ఏమన్నారు? "చెల్లెమ్మ ఏకంగా పార్లమెంటు రికార్డులోకి ఎక్కించేసింది, ఇక నా వల్ల కాదు" అన్నారా! పాపం. స్కాట్లాండు ట్యాక్సే కట్టాలన్నారా? కట్టండి. తిరుగుతున్నది ఈ రోడ్ల మీదే, దగ్గొస్తే పోయేది ఈ వీధి డాక్టరు దగ్గరికే.

ఎందుకలా నవ్వుతున్నారు? ఇందాక కళ్ళెర్రజేసినవారు...

ఏమిటీ? మొత్తం చూశారా? పార్లమెంటు వాళ్ళ సైటులోనా? రైల్లో కూర్చుని మొదటినుంచీ చివరిదాకానా?

ఓహో. అయితే అంతా తెలిసే ఇంతసేపూ నా చేత అబద్ధాలాడిస్తూ వింటున్నారన్నమాట! ఎంత గడుసువారండీ! గోంగూర దగ్గర నోరు మెదపకపోతేనే నాకు అనుమానం రావాల్సింది.

సరే. ఆవిడ అడగలేదు. నేను ఒంటరిదాన్నో, ఊరుమ్మడిదాన్నో ఎవరికీ పట్టలేదు. ఆవిడ అడిగింది చెత్తడబ్బాల గురించి. గెస్టులు చెత్త సరైన డబ్బాలో వేస్తారా అని. దానికి నేనే మిమ్మల్ని లాక్కొచ్చి మధ్యలో కూర్చోబెట్టాను.

తెలియక కూడా కాదండీ. పొద్దున ట్యాక్సు మాటలప్పుడు ఒకాయన చెప్పాడు, ఒక మనిషికి రెండిళ్ళుంటే అసలు ఇల్లేదో ఎలా చూస్తారో. పెళ్ళాం ఎక్కడుంది, బట్టలెక్కడున్నాయి, డాక్టరెక్కడ, ఇవన్నీ చూస్తారట. ఆహా అనుకున్నాను. మధ్యలో టీ తాగాను, బిస్కట్టు కూడా తిన్నాను. వెళ్ళి కూర్చుని, మైకు దగ్గరికి జరుపుకుని, గట్టిగా చెప్పాను.

కోపమొస్తే రానివ్వండి. నాకు దిగులుగా ఉంటోందండీ. గెస్టులకి దోసెలు పోసి పెడతాను, వాళ్ళు కోట చూడ్డానికి పోతారు, మిగిలినవి పొయ్యి దగ్గరే నిలబడి ఒక్కదాన్నీ తింటాను. ఫోనులో ఎన్నిసార్లు చెప్పాను మీకు? కొన్నాళ్ళు ఓర్చుకో అన్నారు. మీకు చెప్పి చెప్పి విసుగొచ్చి, గవర్నమెంటుకి చెప్పుకున్నాను.